విమలక్క సీటు కింద షాకులు

మా చర్చి కమిటీలో నలుగురున్నారు. నలుగురికీ సీట్లు వేడెక్కే కార్లున్నాయి. చర్చి వ్యాన్ ఎక్కిన మనిషి ఆ నలుగురిలో ఒక్కడూ లేడు. అయినా వ్యాన్ గురించి నిర్ణయాలన్నీ వాళ్లవే.

ఆ వ్యాన్ నడిపేది నేను. ఆదివారం మాత్రమే, జీతం లేదు. మిగతా ఆరు రోజులూ పిస్కాటవే అనే ఊళ్లో ఒక గరాజ్‌లో కార్ల కింద పడుకుంటాను. మా ఆవిడ పర్సిస్ నర్సు, ఆమె వీసా మీదే ఈ దేశం వచ్చాను. నేను చదివింది తొమ్మిదో తరగతి. ఆ పైన చదివిందంతా తణుకు లారీ షెడ్డులో. అందుకని నేను నోరు తెరిస్తే కమిటీవాళ్లు ఓపిగ్గా నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

2014 జనవరి. చలి సున్నాకి పదిహేను డిగ్రీలు కిందకి దిగింది. రోడ్లు పగిలి గుంటలు పడ్డాయి. వ్యాన్‌కి ఉన్న షాక్ అబ్జార్బర్లు నాలుగూ పాతవి, వాటిల్లో నూనె సగం కారిపోయింది, మిగిలిన సగం గడ్డకట్టినంత పని చేసింది. ఎక్కేవాళ్లెవరు? కార్లు లేని ఎమ్మెస్ పిల్లలు ఎనిమిది మంది, విమలక్క.

విమలక్క అంటే విమలకుమారి. అరవై ఆరేళ్లు. ఇరవై ఏళ్లు ఒక ఆస్పత్రి వంటగదిలో పనిచేసి రిటైరైంది. మా చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమే. పిల్లలకి వారమంతా క్లాసులు, పార్ట్ టైం ఉద్యోగాలు, ప్రాక్టీసుకి తీరిక లేదు. అందుకని ఆ రోజు పాట వ్యాన్‌లోనే నేర్పుతుంది. ముందు సీటు ఇస్తానన్నా రాదు. వెనక కూర్చుంటేనే ఎవడు తప్పు పాడుతున్నాడో చెవిన పడుతుందట. ఆ వెనక సీటు సరిగ్గా ఇరుసు మీద ఉంటుంది. ఆమె నడుముకి రెండేళ్ల కిందట ఆపరేషన్ అయింది.

ఆ ఆదివారం రైలు వంతెన ఎక్కేచోట వ్యాన్ ఎగిరి పడింది. వెనక పాట ఆగిపోయింది. పిల్లలు ఇంకో ముక్క పాడి వాళ్లూ ఆగిపోయారు. చర్చి దగ్గర నా చెయ్యి పట్టుకుని దిగాక అంది, "మోజెస్, ఈ చలి పోయేదాకా నేను రాలేనయ్యా. ఏప్రిల్‌లో కనబడతాను."

ఆమె రాకపోతే పాటలు సుందర్ రాజ్ గారు ఎత్తుకుంటారు. ఆయన కమిటీ చైర్మన్, ఐటీ మేనేజర్. ఆయన శ్రుతి గురించి సంఘంలో ఎవరూ మాట్లాడరు. క్రైస్తవ ప్రేమ.

కొత్త షాకులు కావాలని కమిటీ మీద పడ్డాను. సుందర్ రాజ్ గారు వెంటనే ఎక్సెల్ షీట్ తయారుచేశారు. పద్దెనిమిది రకాలు, పదకొండు కాలమ్స్. అన్నిటికంటే గట్టివి, లారీలకి సరిపోయేంత లావువి, నాలుగు ఆర్డర్ చేసి చూపించారు. నేను వద్దన్నాను.

"బ్రదర్ మోజెస్, నాలుగు పాయింట్ ఎనిమిది స్టార్స్," అన్నారాయన. "మూడు వందల మంది రివ్యూ రాశారు."

లంచ్ టైంలో కూర్చుని ఆ రివ్యూలు చదివాను. ఒకాయన అరిజోనా ఎడారిలో పడవ లాక్కెళతాడు. ఇంకొకాయన టెక్సాస్‌లో గుర్రాలు తోలుకెళతాడు. ఆ గుర్రాల్లో దేనికైనా నడుం ఆపరేషన్ అయిందా అని సుందర్ రాజ్ గారిని ఫోన్‌లో అడిగాను. ఓపిగ్గా నవ్వారు.

ఆయన్ని అని లాభం లేదు. మన బుర్రలో గట్టిదంటే మంచిదే. తణుకులో ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా బరువు మోసే కమాను కట్టకి ఇంకో ఇనప పట్టీ వేసి పంపేవాళ్లం. ఇక్కడ మొదటి చలికాలం నా కారుకీ అలాంటి షాకులే వేశాను. పర్సిస్ నెల రోజులు నా పక్కన కూర్చోలేదు, బస్సులో డ్యూటీకి వెళ్లింది. అప్పటికి గాని తెలియలేదు. షాకులో ఉండేది నూనె. చలికి కొబ్బరి నూనె సీసాలో ఎలా బిగుసుకుంటుందో అదీ అలాగే చిక్కబడుతుంది. అసలే గట్టి షాకు, పైన చిక్కటి నూనె, ఇంకేముంది, ఇనప కడ్డీ మీద కూర్చున్నట్టే. చలికి కావలసింది మెత్తటి షాకు, చలికి చిక్కబడని నూనె. ఇది చెప్తే కాలమ్‌లో పట్టదు.

అందుకని శుక్రవారం ఆయన తెప్పించిన షాకు ఒకటి, మా గరాజ్ నుంచి తెచ్చిన మెత్తటి రకం ఒకటి, గుడ్డలో చుట్టి చర్చి కింద వంటగది ఫ్రీజర్‌లో, సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు కోసం తెచ్చిన మేక మాంసం పక్కన నిలబెట్టాను.

శనివారం పొద్దున, విందు వంటకి వెళ్లిన పర్సిస్ ఫోన్. "ఇదేం మేకండీ? కాలు ఇంత బరువుంది, పైగా నల్లగా ఉంది."

ముట్టుకోవద్దని పరిగెత్తాను. పర్సిస్ తన కారులో తీసుకొచ్చిన విమలక్క నడుముకి పట్టీ కట్టుకుని కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. సుందర్ రాజ్ గారినీ పిలిపించాను. కోటు విప్పి ఈ షాకుల్ని ఒక్కొక్కటే కిందకి నొక్కమన్నాను. ఎంతసేపు పడుతుందో చూడటానికి విమలక్కని ఒక పాట ఎత్తుకోమన్నాను.

ముందు మెత్తటిది. పల్లవి మొదటి మాట నోట్లో ఉండగానే దిగిపోయింది. తరవాత ఆయన స్టార్స్ ఉన్నది. ఆయన రెండు చేతులూ వేశారు, తరవాత పొట్ట కూడా వేశారు. పల్లవి అయింది. చరణం అయింది. షాకు సగం దిగింది, ఆయన మొహం పూర్తిగా ఎర్రబడింది.

విమలక్క కత్తి పక్కన పెట్టింది. "ఇది నా నడుం కింద పెడతావా నాయనా?" అంది.

ఆయన ఆ షాకుని మళ్లీ గుడ్డలో చుట్టారు. తరవాత, "రిటర్న్ పాలసీ ముప్పై రోజులుంది ఆంటీ," అన్నారు.

ఆ సాయంత్రమే గరాజ్ నుంచి ఇంకో మూడు తెచ్చి మెత్తటివి నాలుగూ బిగించాను. కానీ ఒక షరతు పెట్టాను: రేపు ఆయన విమలక్క పక్కన వెనక సీట్లో రావాలి. సరేనన్నారు. తెల్లారాక మొదట ఖాళీ వ్యాన్‌ని రెండు మైళ్లు తిప్పాను. ఎంత మంచి షాకైనా గడ్డకట్టే చలిలో నిద్ర లేవడానికి కొంత దూరం పడుతుంది. అప్పుడు పిల్లల్నీ సుందర్ రాజ్ గారినీ ఎక్కించుకుని విమలక్క ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి వ్యాన్‌ని అనుమానంగా చూసింది. ఎక్కింది.

రైలు వంతెన వచ్చింది. నేను అద్దంలో వెనక్కే చూస్తున్నాను. వ్యాన్ లేచింది, నెమ్మదిగా కూర్చుంది. విమలక్క గొంతు ఆగలేదు. పిల్లల గొంతులూ ఆగలేదు. ఒక్క గొంతు మాత్రం పట్టాలు తప్పి ఎటో పోయింది.

చర్చి దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకోకుండానే దిగింది. సుందర్ రాజ్ గారి వైపు తిరిగింది.

"షాకులు బాగున్నాయి సుందర్. పల్లవే నీకు కుదరడం లేదు. వచ్చే ఆదివారం కూడా వ్యాన్ ఎక్కు, నేర్పుతాను."