కత్తెర దిగనన్నాడు

ఓడ ఎడమకు ఒరుగుతున్నప్పుడు కత్తి పైకెత్తాలి. మళ్ళీ నిటారుగా నిలబడే ఆ క్షణంలో చెంప మీద ఒక్క గీత గియ్యాలి. కుడికి ఒరిగేలోపు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఓడలో క్షవరం చేసేవాడు, అందరూ కత్తెర అని పిలిచే అతనికి ఇది ఆలోచించి చేసే పని కాదు ఇప్పుడు. మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి, నడుము దానంతటదే సర్దుకుంటుంది, కత్తి మాత్రం కదిలే లోకంలో కదలని వస్తువులా గాలిలో ఆగుతుంది.

ఆ యుద్ధనౌక ఒక క్రూయిజర్. దాని అడుగు అంతస్తులో, వంటగది గోడకు ఆనుకుని ఉన్న చిన్న గది అతనిది. నేలకు బోల్టులతో బిగించిన కుర్చీ, అంచు పెచ్చులూడిన అద్దం, సబ్బు గిన్నె, గోడకు వేలాడే తోలు పట్టీ. కత్తెర చేతులు చాచితే రెండు గోడలూ అందుతాయి, అదీ పొట్టివాడి చేతులకు. మణికట్లు మాత్రం లావు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. ఊరందరికీ జుట్టు చక్కదిద్దేవాడికి ఆ బెడద లేకుండా పోయిందని ఓడలో అందరికీ నవ్వు.

కుర్చీలో ఉన్నవాడు పిడుగు. ముందు డెక్కు మీది ఫిరంగి అతనిది. మూడేళ్ళుగా దాని పక్కన నిలబడి ఒక చెవి పోగొట్టుకున్నాడు. తనకు వినబడకపోతే లోకమంతటికీ చెవుడే అన్నట్టు అరిచి మాట్లాడతాడు.

"బాబాయ్! మమ్మల్ని వదిలేసి పోతున్నావటగా!"

"కదలకు. ముక్కు ఎగిరిపోద్ది."

"ఏంటీ?"

"ముక్కు!"

పిడుగు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కత్తెర అతని పై పెదవి మీద రెండు చిన్న గీతలు గీశాడు. వదిలేసి పోవడం సంగతి కత్తెరకూ తెలుసు, పొద్దున్నే వంటగదిలో విన్నాడు. నిన్న విమానాలు వచ్చి బాంబులు వేసి పోయాయి. ఒక్కటీ ఓడ మీద పడలేదు గానీ, పక్కనే నీళ్ళలో పేలినదానికి ఒక ప్రొపెల్లర్ ఇరుసు వంగింది. అప్పటి నుంచి క్రూయిజర్ కుంటుతూ నడుస్తోంది. ముందు వెళ్తున్న సరుకు ఓడల నిండా గోధుమలు. శత్రువు చుట్టుముట్టిన ఒక రేవు ఆ గోధుమల కోసం చలికాలం నుంచీ కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. వాటి వెనక కాపలాగా ఉన్నది ఈ కుంటి క్రూయిజర్ ఒక్కటే. శత్రువు పెద్ద ఓడలు రెండు ఎక్కడో దగ్గర్లోనే వెతుకుతున్నాయని రాత్రి కబురు వచ్చింది.

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. కెప్టెన్ తర్వాతి అధికారి. ఎంత తుఫానులోనైనా చొక్కా మడత నలగదు కాబట్టి నావికులు అతన్ని చాటుగా ఇస్త్రీ అంటారు.

"ఇంకా సర్దుకోలేదా?"

"చేతిలో బేరం ఉంది సార్."

"కాసేపట్లో సరుకు ఓడ నుంచి పడవ వస్తుంది. జబ్బుపడ్డవాళ్ళు, దెబ్బలు తగిలినవాళ్ళు, బట్టలుతికేవాళ్ళు, కుట్టేవాళ్ళు, నువ్వు. అందరూ దిగిపోవాలి."

"నాకేం జబ్బు సార్?"

"జబ్బని కాదయ్యా. ఇక్కడ నీతో పని లేదని."

ఇస్త్రీ చెడ్డవాడేం కాదు. ఆ మాట అన్నాక కత్తెర భుజం తట్టి వెళ్ళిపోయాడు. కత్తెర కత్తిని గుడ్డకు తుడిచి పిడుగు చెంప మీద చల్లటి నీళ్ళు కొట్టాడు.

పని లేదనే మాట అతనికి కొత్త కాదు. కుర్రతనంలో పట్టాళంలో చేరదామని వెళితే, ఎత్తు కొలిచేవాడు కర్ర జోలికి కూడా పోలేదు. అతని నెత్తికి జానెడు పైన గాలిలో అరచెయ్యి ఆడించి, "ఇంటికెళ్ళు" అన్నాడు. లైన్లో వాళ్ళంతా పడీ పడీ నవ్వారు. అప్పటి నుంచి నౌకలు కట్టే యార్డు గేటు పక్కన, గోడ నీడలో ఒక కుర్చీ వేసుకుని, మేకుకి అద్దం తగిలించుకుని బతికాడు. ఓడ పలకలకు రివెట్లు, అంటే కాల్చిన ఇనుప మేకులు కొట్టేవాళ్ళ చెంపల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఏ చెంప మీద ఎక్కడ మచ్చ ఉందో కళ్ళు మూసుకున్నా అతని వేళ్ళకు తెలుసు.

ఈ క్రూయిజర్ ఆ గేటు లోపలే, అతని కళ్ళ ముందే పుట్టింది. మొదట నేల మీద పొడవాటి ఇనుప వెన్నెముక. తర్వాత డొక్కలు లేచాయి. ఆ తర్వాత పలక మీద పలక చేరి, చర్మం కప్పుకుని, ఒకనాటికి ఆకాశానికి అడ్డం వచ్చేంత అయింది. ఇంటికెళ్ళి రోజూ ఆ ముచ్చటే చెప్పేవాడు. ఇవాళ మా పిల్లకు ముక్కు పెట్టారు, ఇవాళ మా పిల్లకు రంగేశారు.

"పొద్దస్తమానం పిల్ల పిల్ల అంటావు, దాని పెళ్ళి కూడా నువ్వే చేస్తావా?" అనేది భార్య.

నీళ్ళలోకి దించే రోజు రానే వచ్చింది. పెద్ద పెద్దవాళ్ళు కార్లలో వస్తున్నారు. గేటు కాపలావాళ్ళు వచ్చి కుర్చీ తీసెయ్యమన్నారు, చూడ్డానికి బాగోదన్నారు. కత్తెర వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

"ఆ ఓడకు మేకులు కొట్టినవాళ్ళందరికీ గడ్డాలు గీసింది నేను. అది దిగుతుంటే చూడకుండా ఎక్కడికి పోతాను? పోను."

బతిమాలారు, కసిరారు. చివరికి ఇద్దరు మనుషులు కుర్చీతో సహా అతన్ని ఎత్తుకెళ్ళి, గోడ అవతల, నీళ్ళ ఒడ్డున పడేసి పోయారు. తీరా చూస్తే అంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. పందిట్లో కూర్చున్న పెద్దలకు ఓడ వీపు కనిపిస్తే, కత్తెరకు మొత్తం ఓడ కనిపించింది. ఆనించిన దుంగలు ఒక్కొక్కటే పడగొట్టారు. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఎక్కడో లోపల ఒక మూలుగు. అంత ఇనుమూ కొద్దిగా కదిలింది, ఇంకాస్త కదిలింది, కింద పూసిన కొవ్వు రాపిడికి పొగలు కక్కుతుండగా ఒక్క ఊపున జారి నీళ్ళలో పడింది. నీరు ఉబికి ఒడ్డు దాటి వచ్చి అతని మోకాళ్ళ దాకా తడిపింది. కత్తెర కుర్చీలోంచి లేవలేదు. చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

యుద్ధం వచ్చాక క్రూయిజర్ మీదికి క్షవరం చేసేవాడు కావాలని తెలిసి, మొదట పరిగెత్తినవాడు అతనే.

"పొట్టివాడివని పట్టాళంలో వద్దన్నారు. ఇప్పుడు నీ కత్తెర పొడుగు చూసి తీసుకున్నారా?" అంది భార్య. రేవులో వీడ్కోలు చెప్పేటప్పుడు ఏడవలేదు. "ఆ పిల్లను భద్రంగా తీసుకురా" అని మాత్రం అంది.

ఈ మూడేళ్ళలో ఆ పిల్ల ఎన్ని చూసిందో అతనూ అన్ని చూశాడు. మంచు గడ్డలు డెక్కు మీద పేరుకుపోయే సముద్రాల్లో, గిన్నెలో సబ్బు నురగ గడ్డకట్టే చలిలో గడ్డాలు గీశాడు. తీరం మీద ఫిరంగి గుండ్లు కురిపించే రాత్రులు అద్దం పగలకుండా గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. ఒకసారి మునిగిన ఓడ నుంచి బతికి బయటపడ్డవాళ్ళను నీళ్ళలోంచి లాగారు. వాళ్ళ తలలు ఓడలోంచి కారిన నూనెతో గట్టిపడి తారు ముద్దల్లా ఉన్నాయి. ఒక్కొక్కరినీ ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆ జుట్టంతా కత్తిరించాడు. అందులో ఒకడు నున్నటి తల తడుముకుని అప్పుడు మొదటిసారి ఏడ్చాడు.

పడవ వచ్చిందని పైన ఈల వేశారు. కత్తెర సామాన్ల సంచి తీసుకున్నాడు గానీ పడవ వైపు వెళ్ళలేదు. నిచ్చెనలెక్కి, కెప్టెన్ గది తలుపు తట్టాడు.

కెప్టెన్ రెండు రోజులుగా నిద్రపోలేదు. కళ్ళ కింద చర్మం జారి ఉంది. నెరిసిన గడ్డం ముళ్ళలా మొలిచింది. కత్తెరను చూసి నుదురు చిట్లించాడు.

"నువ్వింకా దిగలేదా?"

"మీ గడ్డం బాకీ ఉంది సార్. ఇలా కనబడితే శత్రువు మనం భయపడ్డాం అనుకుంటాడు."

కెప్టెన్ అలసటగా కుర్చీలో వెనక్కి వాలాడు. కత్తెర నురగ పూశాడు. కుడి చెంప అయింది. గడ్డం కింద కత్తి పెట్టాక కెప్టెన్ నోరు తెరిచాడు.

"ఇది అవగానే పడవ ఎక్కు. ఇది నా ఆర్డరు."

"మెడ మీద కత్తి ఉన్నప్పుడు ఆర్డర్లు వెయ్యకండి సార్. చెయ్యి వణుకుద్ది."

అప్పుడే తలుపు దగ్గరికి వచ్చిన ఇస్త్రీ ముఖం తెల్లబోయింది. కెప్టెన్ మాత్రం కదలకుండా, పెదవులు కదపకుండా నవ్వాడు.

"సార్, నేను చదువుకున్నవాణ్ణి కాదు. ఒక్క మాట చెప్తా. పట్టాళం నన్ను పొమ్మంది. యార్డు గేటు పొమ్మంది. ఇవాళ్టి దాకా నన్ను పొమ్మననిది ఈ ఓడొక్కటే. దాని నోటితో ఆ మాట మీరు అనిపించొద్దు."

ఓడ ఎడమకు ఒరిగింది. కత్తి గాలిలో ఆగింది. ఓడ నిటారుగా నిలబడ్డాక గడ్డం కింద ఒక్క గీత పడింది.

"యుద్ధంలో నువ్వేం చేస్తావయ్యా?" అన్నాడు కెప్టెన్ చివరికి, మెత్తగా.

"ఇన్నాళ్ళూ గుండ్లు చేశాను. ఇవాళ గుండ్లు మోస్తాను. పొట్టివాణ్ణి, ఏ గుమ్మంలోనూ తల తగలదు."

కెప్టెన్ కిటికీలోంచి బయటికి చూశాడు. దూరంగా సరుకు ఓడలు వరసగా, భారంగా వెళ్తున్నాయి.

"ఎడమ చెంప మిగిలింది, కానియ్" అన్నాడు. తర్వాత ఇస్త్రీ వైపు తిరిగి, "ఇతనికి ఇనుప టోపీ ఒకటి ఇప్పించండి" అన్నాడు.

టోపీ కనుబొమల మీదికి జారింది. కత్తెర దాన్ని వెనక్కి నెట్టుకుని, పడవ దూరమవుతుంటే డెక్కు మీద నిలబడి చెయ్యూపాడు. బట్టలుతికేవాళ్ళు తిరిగి ఊపారు. వాళ్ళ ముఖాల్లో జాలి ఉంది. అది ఎవరి మీదో అతనికి అర్థం కాలేదు. తనకు మాత్రం వాళ్ళ మీద జాలిగా ఉంది.

గదిలోకి తిరిగొచ్చి కత్తులు నూరి పెట్టాడు. బకెట్టులో తువ్వాళ్ళు నానబెట్టి, సబ్బు పెట్టి ఉతికి, మునివేళ్ళ మీద నిలబడి, పైకప్పు కిందుగా పోయే ఆవిరి గొట్టం మీద ఆరేశాడు. చివరి తువ్వాలు మడత సరిచేస్తుండగా శత్రువు వచ్చాడని గంటలు మోగాయి.

అడుగున ఉన్నవాళ్ళకు యుద్ధం కనబడదు, వినబడుతుందంతే. ఉత్తరాన పొగ కనిపించిందనీ, సరుకు ఓడలు చెల్లాచెదురుగా పారిపోతున్నాయనీ పై డెక్కు నుంచి మాటలు మోసే గొట్టంలోంచి ఎవరిదో గొంతు చెప్పింది. తర్వాత నేల ఒక పక్కకు వాలింది. ఓడ తిరుగుతోంది. పారిపోవడానికి తిరిగితే నేల ఎటు వాలుతుందో, ఎదురెళ్ళడానికి తిరిగితే ఎటు వాలుతుందో కత్తెరకు పాదాలతోనే తెలుసు. ఎదురెళ్తోంది.

"నా తల్లే!" అన్నాడు పైకే.

మొదట్లో ఫిరంగి గుండ్లు వాటిని ఎత్తే మరలో వాటంతటవే పైకెళ్ళాయి. ఒక దెబ్బకు ఓడ ఉలిక్కిపడి, దీపాలు ఆరిపోయి, మర ఆగాక, మనుషులు మోయాల్సి వచ్చింది. ఒక్కో గుండు సగం బస్తా బరువు. భుజాన వేసుకుని, పొగలో, నీళ్ళలో, వంగిన నిచ్చెన ఎక్కి ఫిరంగి దగ్గర దించి మళ్ళీ దిగాలి. పొడుగువాళ్ళు గుమ్మం గుమ్మానికీ తలలు కొట్టుకుంటున్నారు. కత్తెర దూసుకుపోతున్నాడు.

పొగలోంచి కత్తెర ముఖం పైకి లేవగానే పిడుగు అరిచాడు.

"బాబాయ్! నువ్వు దిగిపోలేదా!"

"దిగలేదు!"

"ఏంటీ?"

"దిగనన్నాను!"

నల్లబడ్డ ముఖంలో పిడుగు పళ్ళు మెరిశాయి. గుండు అందుకుని ఫిరంగిలోకి తోశాడు. అలా ఎన్నిసార్లు ఎక్కాడో, ఎన్నిసార్లు దిగాడో. టోపీ ఎప్పుడో పడిపోయింది. ఒకసారి కిందికి దిగుతుంటే పక్క గోడ తెరుచుకుని వెలుతురు లోపలికి వచ్చింది. డొక్కలో ఎవరో గట్టిగా పొడిచినట్టయింది. చెయ్యి పెట్టి చూసుకుంటే తడి. నీళ్ళే అనుకున్నాడు. ఇంకో గుండు ఎత్తుకుని ఎక్కి, పిడుగు చేతిలో పెట్టి, దిగాడు. ఆ తర్వాతి గుండు కొంచెం బరువుగా తోచింది. నిచ్చెన మొదట్లో దాన్ని పక్కన దించి, ఒక్క నిమిషం అని కూర్చున్నాడు. వీపుకు ఆనిన ఇనుప గోడ వణుకుతోంది. ఫిరంగి ఇంకా పేలుతోంది, ఇంజను ఇంకా తిరుగుతోంది. ఆ వణుకు మీద తల ఆన్చి కళ్ళు మూసుకున్నాడు. వెనక నుంచి వచ్చినవాడు ఆ గుండు ఎత్తుకుని పైకెళ్ళాడు.

చీకటి పడేసరికి వర్షం వచ్చింది. శత్రువు ఓడల్లో ఒకటి మంటలతో వెనుదిరిగింది, రెండోది దాన్ని విడిచి రాలేకపోయింది. అన్ని సరుకు ఓడలూ వానలో కలిసిపోయి తప్పించుకున్నాయి. ముందు డెక్కు సగం లేకుండా, పొగ గొట్టానికి చిల్లులతో, క్రూయిజర్ వాటి దారినే కుంటుకుంటూ బయల్దేరింది.

తెల్లవారి కత్తెరను తెరచాప గుడ్డలో చుట్టి సముద్రానికి ఇచ్చారు. అంతకుముందు పిడుగు కుంటుతూ అతని గదికి వెళ్ళాడు. కత్తెర ముఖం తుడవడానికి శుభ్రమైన గుడ్డ కావాలి. గదిలో అద్దం లేదు, గిన్నె లేదు, కుర్చీ ఒక్కటి నీళ్ళలో నిలబడి ఉంది. పైన తువ్వాళ్ళు వరసగా, ఒక్క మరక లేకుండా వేలాడుతున్నాయి. పిడుగు చెయ్యి చాచి ఒకటి తీసుకున్నాడు. పక్కది గొట్టం మీద అలాగే ఉండిపోయింది, పొడిగా, మడత చెదరకుండా, అడుగున మండుతున్న బాయిలర్ల వేడికి వెచ్చగా.