మినుకుమన్న గుండె బొమ్మ

నేను ఒక బీపీ మిషన్‌ని. ఫ్యాక్టరీలో నా పట్టీని మొదట రబ్బరు చేతికి చుట్టారు. పాపం, దానికి చక్కిలిగింతైనా పుట్టదు. తర్వాత కాకినాడలో ఒక మందుల షాపు అద్దాల బీరువాలో, గ్లూకోజు డబ్బాల పక్కన చాలాకాలం కూర్చున్నాను. షాపతను నన్ను రంగుకాగితంలో చుట్టి, తన స్నేహితుడు లోహిత్ పెళ్ళికి పట్టుకెళ్ళాడు. "పెళ్ళయ్యాక అవసరం పడుద్దిరా," అంటూ చేతిలో పెట్టేసరికి మండపమంతా నవ్వింది.

లోహిత్ భార్య హిమజకు నేనొక ఆటవస్తువుని. పొద్దున్నే కాఫీ గ్లాసులు పక్కన పెట్టుకుని ఇద్దరూ వంతులేసుకుని చేతులు చాచేవారు. పట్టీ బిగుసుకుంటుంటే హిమజ కళ్ళు గట్టిగా మూసుకునేది. ఎవరి అంకె తక్కువైతే వాళ్ళకు ఇంకో కాఫీ.

నాలో చిన్న గుండె బొమ్మ ఒకటుంది. గుండె లయ తప్పితే, కొలవడం అయిపోయాక కూడా అది మినుకుమంటూనే ఉంటుంది. హిమజకు ఎప్పుడూ అలా కాలేదు. లోహిత్‌కు ఒకరోజు అయింది. మర్నాడూ అయింది.

"నాకు రాదేం ఈ బొమ్మ?" అంది హిమజ.

"నువ్వు పక్కనుంటే నాకు దడే కదా హిమా."

ఆమె సిగ్గుపడి, ఆ బొమ్మను ఫోన్లో ఫోటో తీసుకుంది. అతను అన్నది సరసమే అయినా అబద్ధం కాదు. మెట్లెక్కినా దడే, ఊరికే కూర్చున్నా దడే. ప్రేమకీ జబ్బుకీ ఒక్క మాటే పెట్టుకున్నారు మనుషులు. నేనేం చెయ్యను, మినుకుమన్నాను.

లోహిత్ తల్లి సత్యవేణికి ఒకటే భయం. కొలెస్ట్రాల్ పెరిగి భర్త గుండెపోటుతో పోయాడు. కొడుక్కి ఆ గతి పట్టకూడదని రక్తపరీక్ష చేయించింది. కొలెస్ట్రాల్ చాలా తక్కువ వచ్చింది. ఆవిడ దేవుడికి దండం పెట్టి, నెయ్యి దట్టించిన పూతరేకులు తెప్పించింది.

"ఇంక నీ గుండెకి ఢోకా లేదు నాయినా, తిను."

ఎంత తిన్నా ఒళ్ళు చేయని కొడుకుని చూసి మురిసిపోయింది. మనుషులకు అంకెలంటే ఉన్న నమ్మకం బొమ్మలంటే ఉండదు.

ఒక ఉదయం లోహిత్ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. నోరు ఒక పక్కకు లాగేసింది.

లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరిందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. అసలు మూలం థైరాయిడ్‌ అట. అది అతిగా పనిచేస్తే దడ పుడుతుంది, మనిషి సన్నబడతాడు, కొలెస్ట్రాల్ కూడా పడిపోతుంది.

"తక్కువుంటే మంచిదే కదండీ," అంది సత్యవేణి.

"రక్తనాళాలు పూడుకుపోకుండా మంచిదేనమ్మా. లయ సంగతి వేరు. మీ అబ్బాయికి కొలెస్ట్రాల్ అలా పడిపోవడమే జబ్బు గుర్తు."



లోహిత్ ఇంటికొచ్చాడు. మందులతో గుండె కుదురుగానే కొట్టుకుంటోంది. మాటలే పోయాయి, ముఖ్యంగా పేర్లు పోయాయి. అలవాటుగా నోట నానిన మర్యాద ముక్కలు ఒకటో రెండో మిగలవచ్చని డాక్టరమ్మ అంది. రోజూ హిమజే నా పట్టీ అతని చేతికి చుడుతోంది.

నిన్న పట్టీ విప్పుతుంటే అతను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి. తన పేరే వస్తుందని హిమజ ఊపిరి బిగబట్టింది.

"థాంక్సండీ," అన్నాడు, కొత్తవాళ్ళతో అన్నట్టు.

హిమజ నా పట్టీని మడిచింది. సరిగ్గా కుదరక విప్పి, మళ్ళీ మడిచింది.

"పర్లేదండీ," అంది.