చీర మింగిన మిషను

పరాయి దేశం వచ్చిన నాలుగు రోజులకే తోటికోడళ్ళిద్దరికీ ఉతికిన బట్టలు నిండుకున్నాయి. గదిలో ఆరేసుకుందామంటే కిటికీ జానెడు కూడా తెరుచుకోదు. టీ అడిగితే వేడినీళ్ళూ ఓ పొట్లమూ చేతిలో పెట్టారు. ఎక్కాల్సిన బస్సు రోడ్డుకి అవతలివైపు ఆగి, కళ్ళముందే వెళ్ళిపోయింది. బ్యాంకులో పనిచేసే చిన్నామె ప్రతిదానికీ ఉసూరుమంటోంది. పెద్దామె నర్సు. ఏళ్ళ తరబడి ఆసుపత్రి వార్డును ఒంటిచేత్తో నడిపిన మనిషి. గాభరా అన్నది ఆవిడ ఒంట్లోనే లేదు.

"పడవ షికారు మధ్యాహ్నం కదా. వీధి చివర బట్టలుతికే మిషన్ల కొట్టుంది, ఈలోపు ఉతికేసుకొద్దాం పద" అంది.

మిషను కాసేపు బుద్ధిగానే తిరిగింది. తర్వాత గుర్రుమని మూలిగి ఆగిపోయింది. అద్దం వెనక సగానికి నీళ్ళు, ఆ నీళ్ళలో పెద్దామె వంగపండు రంగు చీర. తలుపు ఎంత లాగినా రాలేదు.

"అక్కా, ఇంటికి ఫోన్ చేసి బావగార్ని అడుగుదామా?"

"మీ బావగారు ఇంట్లో కుక్కరు మూతే తియ్యలేరు, అక్కణ్ణుంచి ఈ తలుపేం తీస్తారే? లోపల ఎవరో ఉన్నారు, పిలువు."

వెనకగదిలో కొట్టు యజమానురాలు దుప్పట్లు మడతపెడుతోంది. చిన్నామె ఫోన్లో మాటలు మార్చి చెప్పే యాప్ తెరిచి, "మా అక్క చీర లోపల ఇరుక్కుపోయింది" అంది. ఫోను వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. అంతే, ఆమె దుప్పటి వదిలేసి పరుగెత్తుకొచ్చి, మిషను ముందు చతికిలబడి, అద్దంలోకి తొంగిచూస్తూ కేకలు పెట్టింది. ఆ కేకల్ని ఫోను తాపీగా తెలుగులో వినిపించింది: "ఆమె ఊపిరి పీలుస్తోందా?"

చీర అన్న మాటను ఫోను మింగేసిందన్నమాట!

"పీలుస్తున్నానమ్మా తల్లీ! ఇదుగో, ఇక్కడే నిలబడ్డాను!" అని పెద్దామె గుండెమీద చరుచుకుంది. చిన్నామె పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ ప్రయాణంలో అలా నవ్వడం అదే మొదలు. సంగతి అర్థమయ్యాక యజమానురాలూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

ఆమె మిషను అడుగున చిన్న మూత విప్పింది. ముగ్గురూ నేలమీద మోకాళ్ళేసి, గిన్నెలు మార్చి మార్చి నీళ్ళు పట్టారు. చివరికి గొట్టంలోంచి ఎవరి పసిపిల్లదో చిన్న మేజోడు బయటపడింది. తలుపు టక్కున తెరుచుకుంది.

చీర మోకులా మెలితిరిగి, నీళ్ళు కారుతూ వచ్చింది. పెద్దామె ఒక కొస యజమానురాలి చేతికిచ్చి, రెండోది తను పట్టుకుని, కొట్టు ముందు నిలబడి బలంగా పిండింది. ఆమె కూడా చూసి చూసి ఎదురుమెలిక వేసింది. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.

ఇదంతా అయ్యేసరికి పడవ వెళ్ళిపోయే వేళ దాటింది. బయల్దేరిన నాటినుంచీ పెద్దామె ఆ పడవ గురించే కలవరిస్తోంది. తడిబట్టలు సంచిలో కుక్కుతున్న ఆవిడ మొహం చూస్తే చిన్నామెకు మనసు చివుక్కుమంది.

"పదండక్కా, వెళ్ళి అడుగుదాం. అడిగితే పోయేదేముంది?"

రేవు దగ్గర గుమాస్తా టిక్కెట్లమీది సమయం చూపించి తల అడ్డంగా ఊపాడు. పెద్దామె నోరు తెరవబోయింది.

"మీరుండండి" అని చిన్నామె ముందుకెళ్ళింది. మిషను ఎలా తిరిగిందో, ఎలా మూలిగిందో, తలుపు ఎలా బిగుసుకుందో చేతులు తిప్పుతూ తెలుగులోనే చెప్పింది. సంచిలోంచి తడిచీర కొంగు లాగి చూపించింది. గుమాస్తా మొదట తెల్లబోయి, తర్వాత పక్కవాణ్ణి పిలిచి నవ్వాడు. ఆఖరి పడవ చూపించి, టిక్కెట్లమీద ముద్ర గుద్దాడు.

"అదేంటే, అంతా తెలుగులోనే దంచేశావు!"

"వచ్చిన భాష అయితేనే కదక్కా నోరు తడబడదు!"

పడవలో ముందువరస ఖాళీగా ఉంది. చిన్నామె ఎవర్నీ అడగకుండా అక్క చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, అక్కడే కూర్చోబెట్టింది.