తొక్కించాడా, పరిగెత్తాడా?

ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరుకు వెళ్ళడం అనేదానికి ఇంగ్లీషులో ఒకటే మాట వచ్చు: వెంట్. పందొమ్మిదేళ్ళుగా బండి పుస్తకంలో అదే రాస్తున్నాడు. వెంట్ టు మార్కెట్. వెంట్ టు స్కూల్. ప్రాణం మీదికొచ్చిన మనిషి దగ్గరికైనా, టైర్లకు గాలి కొట్టించడానికైనా వెంటే. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరు కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది.

కొత్తగా వచ్చిన పరిపాలనాధికారి చదివాడు.

"ఏంటయ్యా ఇది? వెంట్, వెంట్, వెంట్! షికారుకెళ్ళినట్టుంది. చదివేవాడికి సైరను వినపడొద్దూ? రష్ ఉంది, డాష్ ఉంది, హర్రీ ఉంది. భాష ఏమన్నా గొడ్డుపోయిందా? రేపట్నుంచి పుస్తకంలో వెంట్ కనిపిస్తే మెమో ఇస్తా."

"బండి ఆలస్యంగా వచ్చిందని ఎవరైనా అన్నారా సార్?"

"నేను మాట్లాడేది బండి గురించి కాదు, పుస్తకం గురించి."

బండిని ఎంత వేగంగా నడపమన్నా నడుపుతాడు గానీ, మాటల్ని నడపడం అతని వల్ల కాదు. ఆ సాయంత్రం మరదలి దగ్గరికి వెళ్ళాడు. భార్య చెల్లెలు ఆమె. బళ్ళో ఇంగ్లీషు చెబుతుంది. బావ నోరు తెరిచి పాఠం చెప్పమంటే ఆమెకు అంతకంటే ఏం కావాలి?

"చూడు బావా, హర్రీ అంటే తొందరపడటం. పొద్దున్నే అక్క నీ చేత చేయించేది అదే. రష్ అంటే హడావిడిగా పోవడం. మనిషిని రష్ చేశారంటే ఆగమేఘాల మీద తీసుకెళ్ళారని. డాష్ అంటే ఒక్క ఉదుటున ఉరకడం. స్కర్రీ అంటే ఎలక పరిగెత్తినట్టు, చిన్న చిన్న అడుగులతో."

"నేను ఎలకనా?"

"మీ అధికారి పిలిచినప్పుడు ఎలా వెళ్తావో గుర్తు తెచ్చుకో."

"పోనీ, బోల్ట్? బండివాడికి బాగుంటుంది."

"అమ్మో, వద్దు. రోగి ఇంటి నుంచి బోల్ట్ అయ్యానని రాస్తే, భయపడి కాళ్ళకు బుద్ధి చెప్పావని అర్థం. ఇదిగో, రన్ ఓవర్ టు రాసుకో. గబగబా ఒకరి దగ్గరికి పరిగెత్తడం. చివర టు మాత్రం మర్చిపోకు."

వారం రోజులు బాగానే గడిచింది. కట్టు మార్పించుకోవడానికి తీరిగ్గా బయల్దేరిన అవ్వ కోసం హర్రీ అయ్యాడు. డీజిలు పోయించడానికి డాష్ అయ్యాడు. అధికారి మురిసిపోయి, పుస్తకాన్ని తన బల్ల మీదే పెట్టుకుని వచ్చినవాళ్ళందరికీ చూపించసాగాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బస్ స్టాపు దగ్గర ఒక ముసలి దర్జీ కుప్పకూలాడు. బండి ఆపడానికి చోటు లేక డ్రైవరు రోడ్డుకు అవతలే ఆపి, లారీల మధ్య నుంచి పరిగెత్తి, మనిషిని భుజాన వేసుకుని వచ్చాడు. ఆరు నిమిషాల్లో ఆసుపత్రి. షుగరు పడిపోయిందట. సాయంత్రానికి ముసలాయన లేచి కూర్చుని కళ్ళజోడు ఎక్కడని అడిగాడు.

ఆ సంతోషంలో డ్రైవరు పుస్తకం తెరిచి కొత్త మాట బయటికి తీశాడు. చివరనున్న టు బుల్లి ముక్క, ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే అని దాన్ని కరివేపాకులా తీసి పక్కన పెట్టాడు.

"ఐ ర్యాన్ ఓవర్ ఓల్డ్ మ్యాన్ అట్ బస్ స్టాప్. దెన్ ఐ రష్డ్ హిమ్ టు హాస్పిటల్."

ఆ బుల్లి ముక్క లేకపోతే అర్థం ఒకటే: ముసలాయన మీద నుంచి బండి తొక్కించాను, తర్వాత ఆసుపత్రికి తెచ్చాను.

మర్నాడు అధికారి అది చదివి బండి తాళాలు లాక్కుని తన సొరుగులో పెట్టాడు. అప్పటికప్పుడు విచారణ సంఘం వేశాడు: తనూ, ఆసుపత్రి లాయరూ, పెద్ద డాక్టరమ్మా.

"ఇది రాసింది నువ్వేనా?" అన్నాడు లాయరు.

"నేనే సార్."

"సంతకం?"

"నాదే."

"ఇంకేం, ఒప్పుకున్నట్టే."

ఏం ఒప్పుకున్నాడో డ్రైవరుకు అప్పటికి గానీ అర్థం కాలేదు. పందొమ్మిదేళ్ళలో కోడిపిల్లను కూడా తొక్కించని మనిషి.

ముసలాయన రెండు కాళ్ళకూ పక్కటెముకలకూ ఎక్స్‌రేలు తీయించారు. ఒక్క ఎముకా చెక్కుచెదరలేదు.

"విరక్కుండా ఎలా తొక్కించావయ్యా?" అని అడిగాడు అధికారి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ముసలాయనను పిలిపించారు. తన కాళ్ళ మీద తనే నడిచి వచ్చాడు.

"నన్నెవరూ తొక్కించలేదు నాయనా. ఈ అబ్బాయి ఎత్తుకొచ్చాడట."

"అప్పుడు మీకు స్పృహ ఉందా?" అన్నాడు లాయరు.

"లేదు."

"మరి తొక్కించలేదని మీకెలా తెలుసు?"

ముసలాయన తన కాళ్ళకేసి కాస్త అనుమానంగా చూసుకున్నాడు.

డాక్టరమ్మ ఏదో అనబోతుండగా నర్సు తలుపు తోసుకుని వచ్చింది. రెండు వీధుల అవతల గోడలకు రంగు వేస్తున్న ఆడమనిషి నిచ్చెన మీద నుంచి పడిందట, తల పగిలిందట. రెండో డ్రైవరు సెలవులో ఉన్నాడు.

"విచారణలో ఉన్నవాడికి తాళాలివ్వాలంటే రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి" అని అధికారి కాగితం తీశాడు. ది డ్రైవర్ ఈజ్ డైరెక్టెడ్ టు, అనేదాకా రాసి ఆగాడు. "రష్ అందామా? ఉత్తర్వులో మరీ బజారు మాటలా ఉంటుందేమో."

"ప్రొసీడ్ అనండి, హుందాగా ఉంటుంది" అన్నాడు లాయరు.

"అందులో వేగం లేదండీ. హేస్టెన్ అంటే ఎలా ఉంటుంది?"

డాక్టరమ్మ లేచింది. అధికారి మోచేతి కింద నుంచి సొరుగు లాగి, తాళాలు తీసి డ్రైవరు చేతిలో పెట్టింది.

"నువ్వెళ్ళయ్యా బాబూ!"

అతను మెట్లు రెండేసి చొప్పున దూకాడు. ఆ ఇంటి ముందు ఇసుక కుప్ప అడ్డం ఉంటే బండిని సందు మొగలోనే వదిలి స్ట్రెచరుతో పరిగెత్తాడు. తిరుగు దారి పొడుగునా "కళ్ళు మూయకమ్మా, మీ ఇంట్లో ఎవరెవరుంటారో చెప్పు" అని ఆమె చేత మాట్లాడిస్తూనే ఉన్నాడు. ముగ్గురు చెల్లెళ్ళ పేర్లు చెప్పేసరికి ఆసుపత్రి వచ్చింది. డాక్టరమ్మ గుమ్మంలోనే ఉంది. ఏడు కుట్లు పడ్డాయి, ఆమె బతికింది. అప్పటికి పై గదిలో ఉత్తర్వు రెండో వాక్యంలోకి వచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ పిలిస్తే మరదలు వచ్చి, సంఘం ముందు ఆ వాక్యాన్ని టుతోనూ, టు లేకుండానూ రాసి చూపించింది. సంఘం పదకొండు పేజీల నివేదిక ఇచ్చింది: బండి ఎవరినీ తొక్కలేదు, కాని వాక్యం తొక్కింది, కాబట్టి డ్రైవరును మందలించడమైనది. దాని కిందే డాక్టరమ్మ, ఇకపై బండి పుస్తకం ఎవరికొచ్చిన భాషలో వాళ్ళు రాయొచ్చని రాసి సంతకం పెట్టింది.

మూడో రోజు అధికారి డ్రైవరును పిలిచి, "పరుగు, ఉరుకు, దౌడు... తెలుగులో ఇలాంటివి ఎన్నున్నాయో ఒక పట్టిక తయారు చెయ్" అన్నాడు. డ్రైవరు తలూపి బయటికొచ్చాడు.

బండి వెనక తలుపు తెరిచి ఉంది. ముసలి దర్జీ లోపల మఠం వేసుకుని కూర్చుని, స్ట్రెచరు పట్టీని ఒళ్ళో పెట్టుకుని మందపాటి దారంతో కుడుతున్నాడు.

"ఎక్స్‌రేకు దీని మీదే తీసుకెళ్ళారు, అప్పుడు చూశాను, సగం తెగి ఉంది" అన్నాడు తల ఎత్తకుండా. "ఇంకొంచెం వెలుతురు ఉండేట్టు బండి అటు తిప్పు బాబూ. తొందరేం లేదు, నెమ్మదిగానే."