టపా ఇస్తారి మడిమ నొప్పి

మా టపా ఇస్తారికి మడిమ నొప్పి పట్టుకొని ఏడాది దాటింది. ధర్మపురి దిక్కు నాలుగు ఊర్లకు ఉత్తరాలు పంచేది అతనే. రోజుకు పన్నెండు మైళ్ల నడక. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే చాలు, మడిమలో ముల్లు దిగినట్టయ్యేది. పది అడుగులు కుంటితే కాస్త సర్దుకునేది, మధ్యాహ్నానికి మళ్లీ మొదలయ్యేది.

ఊళ్లో అందరూ వైద్యులే. ఒకరు వేడి ఇటుక మీద జిల్లేడాకులు పరిచి తొక్కమన్నారు. ఇంకొకరు చురకలు పెట్టారు. నొప్పి పోలేదు గానీ మచ్చలు మాత్రం మిగిలాయి. ఉత్తరాలు చీకటి పడ్డాక చేరుతున్నాయని జనం గొణగడంతో పోస్టుమాస్టరు లింగమూర్తి ఒకరోజు తేల్చి చెప్పాడు.

"దసరా దాక సూస్త ఇస్తారీ. దసరా తెల్లారి నీతోని నేనే నడుస్త. పొద్దు గూకకముందే నాలుగూర్లు తిరిగితివా, నౌకరి నీది. లేకుంటె ఇంకొకన్ని వెట్టుకుంట. నన్ను తిట్టుకోవద్దు."

ఇస్తారికి గుంట భూమి లేదు. ఆ సంచి భుజం దిగిందంటే పొయ్యి మీద కుండ కూడా దిగినట్టే. మందుబుడ్డి ముట్టకుండా కసరత్తుతోనే కాళ్లూ చేతులూ బాగుచేసే అనసూర్యమ్మ అని ఒకావిడ కరీంనగరం దవాఖానలో ఉందని తెలిసి బస్సెక్కాడు. ఆమె మద్రాసులో ఆ విద్య నేర్చి వచ్చిందట.

అనసూర్యమ్మ మడిమ నొక్కి చూసింది, పిక్క నొక్కి చూసింది. పిక్క బిగుసుకుపోయి మడిమను గుంజుతోందని చెప్పింది. మంచం దిగకముందే తలరుమాలు పాదానికి వేసి తనవైపు లాక్కోవాలి. గోడకు చేతులానించి, నొప్పి కాలు వెనక్కి చాపి, మడిమను నేలకు అదిమి ముప్పై లెక్కపెట్టాలి. ఖాళీ సోడాబుడ్డిని పాదం కింద దొర్లించాలి. చెప్పుల్లో మడిమ ఆనే చోట గొంగడి ముక్కను మడతలు పెట్టి కుట్టించి ఇచ్చింది.

"గట్టి నేల మీద ఉత్తకాళ్లతోని నడువకు అన్నా. ఏడికి పోయినా చెప్పులుండాలె" అంది.

ఇస్తారి ఒక్క పూట కూడా కసరత్తు మానలేదు. అతను గోడను నెడుతుంటే భార్య సత్తవ్వ, "గోడ కూలితె నువ్వే కట్టాలె మల్ల" అని నవ్వేది. ఆరు వారాలు గడిచాయి. పొద్దుటి నొప్పి కొంచెం తగ్గింది గానీ, సాయంత్రానికి మడిమ నిప్పే. దసరా ఇంకా నెలన్నర ఉంది.

మళ్లీ కరీంనగరం పోతే ఈసారి అనసూర్యమ్మకు చిరాకేసింది. అతని చెప్పులు తీసుకొని తిరగేసి చూసింది. ఆరు వారాలుగా రోజుకు పన్నెండు మైళ్లు నడిచిన చెప్పులు. అడుగు తోలు మొన్న కొన్నట్టే ఉంది.

"ఇస్తారన్నా, గీ చెప్పులు కాళ్లకు తొడుగుతున్నవా, సంకల వెట్టుకొని తిరుగుతున్నవా?"

అతను తల వంచుకున్నాడు. "సంకలనే, డాక్టరమ్మా. గడీల ముందటికెల్లి ఎట్ల ఏస్కొని పోత?"

నాలుగు ఊర్లు, నాలుగు గడీలు, కోటల్లాంటి దొరల ఇళ్లు. దొర గడీ ముందు నుంచి పోయేవాడు చెప్పులు విడిచి పోవాలి. ఇది ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతి గనుక, డాక్టరమ్మకు చెప్పాలని అతనికి తోచనే లేదు. ఎందుకొచ్చిన తంటా అని ఊరి పొలిమేరలోనే విడిచేవాడు. తర్వాతి ఊర్లో మళ్లీ విడవాలి కదా అని కంకర బాట మీద కూడా తొడిగేవాడు కాదు. అందులో మూడు గడీల దొరలు కాపురం హైదరాబాదుకు మార్చి ఏళ్లవుతోంది. మా ఇస్తారి తాళం కప్పలకు మర్యాద చేస్తున్నాడన్న మాట!

"నిజాం పోయి పదేండ్లాయె" అంది అనసూర్యమ్మ. "నీది సర్కారు నౌకరి. నువ్వు చెప్పులిడిస్తె గా నొప్పి దొర మోస్తడా? కసరత్తు నేను నేర్పిన. గీ పని నువ్వే చెయ్యాలె."

మర్నాడు తాళాలున్న మూడు గడీలూ తేలిగ్గానే దాటాడు. నాలుగోది అసలు గడీ. వాకిట్లో వాలుకుర్చీలో దొర, పక్కన ఆయన మనిషి లచ్చయ్య. చెప్పుల చప్పుడు విని లచ్చయ్య లేచాడు.

"ఏందిరా, కండ్లు నెత్తికెక్కినయా? చెప్పులిడువు!"

ఇస్తారి నడుము తనంతట తానే వంగింది. చేయి చెప్పు పట్టీ దాకా పోయింది. భయపడ్డాడు, చాలా భయపడ్డాడు. కానీ ఈ సంచి పోతే సత్తవ్వకూ తనకూ ఇంత గంజి ఎక్కడిదన్న ఆలోచన ఆ భయాన్ని మించింది. నిటారుగా లేచాడు.

"ఇడువ లచ్చన్నా. ఇడిస్తె కాలు పోతది, కాలు పోతె నౌకరి పోతది." దొర ముందుకు నడిచి చేయి చాచాడు. "దొరా, మీకు ఉత్తరమొచ్చింది."

దొర చెప్పుల వైపు చూశాడు, ఉత్తరం వైపు చూశాడు. చివరికి ఉత్తరమే తీసుకున్నాడు. లచ్చయ్య పక్కకు తప్పుకున్నాడు. మలుపు తిరిగాక ఇస్తారికి పట్టరాని నవ్వొచ్చింది, ఒక్కడే పిచ్చివాడిలా నవ్వుకుంటూ ఇల్లు చేరాడు.

ఇక కసరత్తు పని చేయడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి సాయంత్రం నొప్పి కూడా పోయింది. దసరా తెల్లారి లింగమూర్తి గొడుగు పట్టుకొని, బూట్లు బిగించుకొని అన్నట్టే బయల్దేరాడు. రెండో ఊరికే ఆయన వెనకబడ్డాడు. మూడో ఊరు దాటేసరికి, "జర ఆగు ఇస్తారీ, పానం పోతున్నది" అని బతిమాలడం మొదలుపెట్టాడు. పొద్దు ఇంకా బాగా మీద ఉండగానే ఆఖరి ఊరికి చేరారు.

గడీ కనబడింది. వాకిట్లో దొర కూర్చొని ఉన్నాడు. పోస్టుమాస్టరైతేనేం, లింగమూర్తి పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కలే. గొడుగు ముడిచి, ఎవరూ అనకుండానే వంగి బూట్ల తాళ్లు విప్పబోయాడు.

ఇస్తారి చేయి అడ్డం పెట్టాడు.

"లేవుండ్రి సారూ. ఏస్కొనే నడువుండ్రి" అని, గడీ ముందు నుంచి ఆయన్ని వెంటబెట్టుకొని పోయాడు.