నాలుగు కుట్ల మౌనం

ఇరవై రెండేళ్ల కింద తెగతెంపులు చేసుకున్న ఒక బ్యాండులోని ముగ్గురు మగాళ్లు మళ్లీ కలిశారని పత్రికలు రాశాయి. కలిసింది పత్రికల్లోనే. పాటగాడికీ గిటారాయనకీ మాటల్లేవు. అందుకని కొత్త ఆల్బమ్‌ను వంతులవారీగా రికార్డు చేశారు: సోమవారం డ్రమ్ములు, మంగళవారం గిటారు, బుధవారం పాట. ఒకరున్న రోజు ఇంకొకరు స్టూడియో గేటు దగ్గరికైనా వచ్చేవారు కాదు.

డ్రమ్ములాయన భార్యకు ఈ గొడవ పట్టలేదు. ఆమె దిగులు వేరే. ఆయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం. సంగతి ఇంటి గడప దాటలేదు. దాటిందా, ఆయన చోట్లో డ్రమ్ముల యంత్రం పెట్టేస్తారు. మళ్లీ వాయించబోతున్నానని తెలిసిన రోజు, ఆయన అటక మీది కర్రలు దింపి, తుడిచి, దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

"నువ్వొచ్చి స్టూడియోలో అద్దం అవతల కూర్చో," అన్నాడు.

ఆమె దర్జీ. గిటారాయన ఇంట్లో వాయించి పంపిన నమూనా పాట వింటూ గౌను అంచు కుట్టేది. ఆ తాళానికే సూది లేచేది, దిగేది. ఆయన ఆ చెయ్యి చూస్తూ వాయించేవాడు.

"అక్కయ్యగారు ఇక్కడే దుకాణం పెట్టేశారే," అని నవ్వేవాడు రికార్డింగ్ చేసేవాడు.

ఏడో పాట మధ్యలో దారం చిక్కుపడింది. ఆమె పంటితో కొరికి ముడేసేసరికి నాలుగు కుట్లు దాటిపోయాయి. అవతల ఆయన కూడా కర్రలు గాల్లో పట్టుకుని ఆగిపోయాడు, ఆమె చెయ్యి కదిలాక అందుకున్నాడు.

మర్నాడు గిటారాయన ఆ ఖాళీ విని, ఇది పాటగాడు పెట్టించిన మెలిక అనుకుని, తానూ ఆగాడు. బుధవారం పాటగాడు, ఇది గిటారాయన తెలివి అనుకుని, తనూ నోరు మూశాడు. ఒకర్నొకరు అడిగితే కదా తేలేది.

ఆల్బమ్ వచ్చింది. మిగతా తొమ్మిది పాటల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. "ఆ మౌనంలో ఇరవై రెండేళ్ల ఎడబాటు వినిపించింది," అని ఒక విమర్శకుడు రెండు పేజీలు రాశాడు. ఆ మౌనం కోసం మూడు నెలలు కొండ మీద గడిపానని పాటగాడు ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. అది తనకు కలలో వచ్చిందని గిటారాయన ఇంకో దాంట్లో చెప్పాడు. డ్రమ్ములాయనను ఎవరూ అడగలేదు.

విజయోత్సవ కచేరీకి ఆమె మొదటి వరుసలో, ఒళ్లో చొక్కాతో కూర్చుంది. ఏడో పాటలో, అనుకున్న చోట, చెయ్యి ఆపింది. సరిగ్గా అప్పుడే సూదిలోంచి దారం జారిపోయింది. కళ్లజోడు సంచిలో ఉంది. ఖాళీ సూది ఆడించినా సరిపోయేదని తర్వాత తోచింది కానీ, ముప్ఫై ఏళ్లలో దారం లేని సూది గుడ్డలో దించిన చెయ్యి కాదది.

నాలుగు దెబ్బలు దాటాయి. పది. ఇరవై. ఆయన కర్రలు గాల్లోనే ఉన్నాయి. హాలంతా ఊపిరి బిగపట్టింది. ఎవరో వెక్కి ఏడ్చారు కూడా.

గిటారాయన పెదవులు కదపకుండా పాటగాడివైపు వంగాడు. "ఇది కూడా నువ్వే చెప్పావా?"

"నేనా? మొదట్నించీ నువ్వే అనుకున్నా."

ఇరవై రెండేళ్లకు ఆడుకున్న మొదటి మాటలవి. ఇద్దరి కళ్లూ డ్రమ్ములాయన చూపు వెంబడి వెళ్లి, మొదటి వరుసలో నాలుక కొస బయటపెట్టి దారం ఎక్కిస్తున్న మనిషి దగ్గర ఆగాయి. ముగ్గురూ తననే చూస్తున్నారని ఆమెకు తెలిసింది. అయినా దారం ఎక్కింది, సూది దిగింది, డ్రమ్ము మోగింది. హాలు లేచి నిలబడింది.

కచేరీ అయ్యాక గిటారాయన ఒంటరిగా వచ్చాడు. "వదినా, వచ్చే నెలంతా ఊరూరా కచేరీలు. నువ్వు కాస్త ఎడమవైపు కూర్చో, నాకూ కనపడతావు. వాడితో అనకు."

ఆయన అటు వెళ్లగానే పాటగాడు వచ్చాడు. "వదినా, కాస్త కుడివైపు కూర్చుందూ. వాడికి తెలియనివ్వకు."

"మరి ఈయన చోటు ఈయనకే ఉంటుందా?" అంది ఆమె.

"వాడు లేకపోతే మౌనం ఎవరు వాయిస్తారు?" అన్నాడు పాటగాడు, చాలా గంభీరంగా.

దారిలో ఆమె ఇదంతా మొగుడి కుడి చెవిలో చెప్పింది. ఆయన కర్రలు సంచిలో పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఇంతకీ ఎటు కూర్చుంటావు?"

"మీకెదురుగానే. కాకపోతే పెద్ద బెజ్జం సూది కొనాలి."