ఆరు వందల పన్నెండో పేరు

"ఆరు వందల పన్నెండు. శివమ్మ, భర్త పేరు దశరథం!"

పాల్మాకుల బడిలో, మూడో తరగతి గదిలో, మొదటి పోలింగ్ అధికారి ఆ పేరు గట్టిగా చదివాడు. ఓటు వేయడానికి ఎవరొచ్చినా పేరు అలా పైకి చదవాలి. బెంచీ మీద కూర్చున్న పార్టీల ఏజెంట్లు విని తమ జాబితాల్లో టిక్కు పెట్టుకోవాలి. వచ్చిన మనిషి ఆ మనిషి కాకపోతే అప్పుడే లేచి చెప్పాలి. ఆ ఏజెంట్లలో ఒకడైన దశరథం చేతిలో పెన్సిలు ఆగిపోయింది. శివమ్మ అతని భార్య. ఆమె చనిపోయి పద్నాలుగు నెలలయింది.

తలెత్తి చూశాడు. ఏప్రిల్ ఎండ వెనక నుంచి కొడుతుంటే, కొంగు తలమీదికి లాక్కున్న ఒక ఆడమనిషి గుమ్మం పక్కనే మొదటి బల్ల ముందు నిలబడి ఉంది. మొహం కనబడలేదు. పిలిచారు కాబట్టి శివమ్మే వచ్చిందనుకున్నాడు, ఒక్క క్షణం. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఇప్పటికీ పొద్దున్నే లేచి రెండు గ్లాసుల్లో చాయ్ పోస్తున్న మనిషికి అలా అనిపించడం వింతేమీ కాదు.

ఆ పేరు జాబితాలో ఎందుకు మిగిలిందో అతనికి తెలుసు. చలికాలంలో అంగన్‌వాడీ టీచరు రేణుకమ్మ ఇంటికొచ్చింది. ఇంటింటికీ తిరిగి ఓటర్ల పేర్లు సరిచూసే పని కూడా ఆమెదే. "వదిన పేరు తీసెయ్యాలె అన్నా, జర ఈ ఫారం మీద సంతకం పెట్టు," అంది.

"అమ్మగారింటికి పోయింది. వస్తది," అన్నాడు దశరథం.

రేణుకమ్మకు తెలియదా? శివమ్మను సాగనంపిన రోజు ఆమె ఆ వాకిట్లోనే ఉంది. అయినా అతని మొహం చూసి మాట పెంచలేకపోయింది. ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. సర్కారు కాగితంలో పేరున్నన్నాళ్లూ మనిషి పూర్తిగా పోనట్టేనని అతనికో పిచ్చి నమ్మకం. రేణుకమ్మకు జాలి. ఈ రెండూ కలిసి శివమ్మ పేరును ఎవరి చేతికి దొరికితే వాళ్లు వాడుకునేలా వదిలేశాయి.

ఇప్పుడు దొరికిన చేయి ఎవరిదో కిటికీలోంచే కనబడింది. తమ పార్టీ కుర్ర నాయకుడు మల్లేశ్వర్, ఊరుకో అన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు. అవతలి పార్టీ ఏజెంటు రామచంద్రయ్యకు శివమ్మ పోయిన సంగతి తెలుసు. ఆయన తల దించుకుని జాబితాలోకి చూస్తున్నాడు. పొద్దుటి నుంచి ఇటువైపు రెండు, అటువైపు రెండు ఇలాంటి దొంగ ఓట్లు గుట్టుగా పడిపోయాయి. ఎవరూ నోరు మెదపలేదు. దశరథం కూడా మెదపలేదు. అవన్నీ పరాయివాళ్ల పేర్లు కదా, అతనికి నొప్పి తగల్లేదు.

దశరథం ఇరవై ఏళ్లుగా పార్టీ మనిషి. అయినా కిందటి ఎన్నికల్లో ఓటేసి వచ్చిన శివమ్మను "ఎవరికేసినవ్?" అని అడిగితే, "అది నాది. నీకెందుకు?" అంది. బతిమాలాడు, అలిగాడు, రెండు పూటలు మాట్లాడ్డం మానేశాడు. ఆమె చెప్పలేదు. చెప్పకుండానే పోయింది.

కొంగు కప్పుకున్న మనిషి రెండో బల్ల దగ్గరికి నడిచింది. అధికారి సిరా సీసా మూత తీసి, ఆమె ఎడమ చేయి పట్టుకున్నాడు.

"ఆగున్రి!" దశరథం లేచి నిలబడ్డాడు.

ఆ పోలింగ్ కేంద్రానికి పెద్ద అధికారి మాధవీలత. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన ఉద్యోగిని. "ఏమిటండీ అభ్యంతరం?" అంది.

"ఆమె శివమ్మ కాదు."

"మీకెలా తెలుసు?"

"శివమ్మ నా భార్య. సచ్చిపోయింది మేడమ్. పోయిన సంవత్సరం ఫిబ్రవరిల."

ఆ మాట తన నోటితో అనడం అదే మొదటిసారి. అనగానే, ఇంతసేపూ బెంచీ మీద తన పక్కన కూర్చున్న ఎవరో లేచి వెళ్లిపోయినట్టనిపించింది. పక్కకు తిరిగి చూశాడు కూడా.

"మరి పేరెందుకు తీయించలేదు?"

ఇంతలో కిటికీ అవతలి నుంచి మల్లేశ్వర్ అరిచాడు. "ఏం జేస్తున్నవ్ అన్నా? వదిన ఓటు మనకే గదా!"

"నాకే చెప్పలే ఆమె. నీకెప్పుడు చెప్పింది?"

మాధవీలత పోలీసును పిలిచింది. ఖాకీ బట్టలు చూసేసరికి ఆ ఆడమనిషి కొంగు జారిపోయింది. ముప్పై ఏళ్లుంటాయేమో, రెండు చేతులూ జోడించింది. "నా పేరు అనంతమ్మ. గోదాంల పని చేస్తనమ్మా. మాది పాలమూరు దిక్కు. ఓటు రాపిస్తమని నా ఫొటో, కాయితాలు తీస్కపోయిన్రు. ఇయ్యాల ఈ చిట్టి, నా ఫొటో ఉన్న కార్డు ఇచ్చిన్రు. పేరు తప్పు పడ్డది, అయినా నీదే, పిలిస్తే పో అన్నరు. నాకు సదువు రాదు."

దశరథం కిటికీ వైపు చూశాడు. మల్లేశ్వర్ అప్పటికే మాయం.

"ఆమెను పోనియ్యిన్రి మేడమ్. చిట్టి ఇచ్చినోళ్లది తప్పు. పేరు తీపియ్యని నాది తప్పు. రాసిస్త."

రాసిచ్చాడు. భార్య పోయిన తేదీ రాసేటప్పుడు రెండుసార్లు దిద్దాడు. మాధవీలత అది చదివి, ఫైల్లో పెట్టుకుని, అనంతమ్మను పంపించేయమంది. దశరథం ఏజెంటు పాసు తీసి బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు.

గేటు దగ్గర రేణుకమ్మ ఓటర్ల జాబితా ముందేసుకుని కూర్చుని ఉంది. అనంతమ్మ పోలేదు. గోడ నీడలో అతని కోసమే నిలబడింది.

"అన్నా, అది నీ ఇంటామె పేరైతే మరి నాది ఏ నంబరు మీదున్నది? జర చూడవా? ఇంతవరకు ఒక్కపాలి గూడ ఓటెయ్యలే నేను."

ఆ జాబితా దశరథానికి కంఠతా వచ్చు. అందులో ఈమె లేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. రేణుకమ్మ దగ్గర కాగితాలు అందుకుని మొదటి పేరు కింద వేలు పెట్టాడు. వేలు కిందికి జరుగుతుంటే అనంతమ్మ కళ్లు దాని వెంటే జరిగాయి. లోపల ఎవరి పేర్లో గట్టిగా చదువుతున్నారు. ఒక్కో పేరుకు ఒక్కొక్కరు పలుకుతున్నారు. ఆరు వందల పన్నెండు దగ్గర అతని వేలు దానంతటదే ఆగిపోయింది.

అనంతమ్మ మొహం విప్పారింది. "ఇదేనా అన్నా, నాది?"

"కాదమ్మా. ఇది శివమ్మది. ఆమె లేదు." అని, అంతమంది ముందర, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య పోయిన నాడు కూడా అలా ఏడవలేదు. రేణుకమ్మ మొహం అటు తిప్పుకుంది.

అనంతమ్మ మెల్లగా, "మిగిలినయి గూడ చూడన్నా," అంది.

దశరథం మొహం తుడుచుకుని, ఆరు వందల పదమూడు మీదికి వేలు జరిపాడు.